నంబరు బతికుంటేనే మనిషి దొరుకుతడు

(గిరిజన సాంస్కృతిక సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది హాస్టళ్లలో అన్నం తిని పెరిగినవాళ్లే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎక్కడికి పోయినా "మేడం, గుర్తువట్టిండ్రా?" అని ఎవరో ఒకరు ఎదురొస్తారు. అందుకే ఈ పూట ఉపన్యాసం పెట్టుకోకుండా, రాత్రి స్టడీ అవర్ అయ్యాక వరండాలో కూర్చుని మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుందాం.

చదువుల గురించి, ఉద్యోగాల గురించి, మన పండుగలు, మన భాషల గురించి చెప్పడానికి ఈ వేదిక మీద మాకన్నా తెలిసినవాళ్లు ఉన్నారు. మేము వార్డెన్లం కలిసి ఆలోచించి, అందరి జేబుల్లో ఉండి కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పని విషయం ఒకటి ఎంచుకున్నాం. అది ఫోను కనెక్షను. ఏ సిమ్ తీసుకోవాలి, ఎవరి పేరు మీద తీసుకోవాలి, ఊరు దాటినప్పుడు, దేశం దాటినప్పుడు ఆ నంబరును ఎట్లా కాపాడుకోవాలి, శాటిలైట్ ఫోను మనకు పనికొస్తుందా రాదా అనేవే ఈ పూట మాటలు.

రిజిస్టరులో చచ్చిపోయిన నంబర్లు

జూన్‌లో హాస్టల్ తెరిచినప్పుడు ప్రతి పిల్ల పేరు పక్కన మూడు నంబర్లు రాసుకుంటాం. బాపుది ఒకటి, యాడిది ఒకటి, మేనమామదో పక్కింటివాళ్లదో ఇంకొకటి. దసరా సెలవులకు ముందు ఆ నంబర్లన్నీ వరసబెట్టి కలిపి చూస్తాం. ఏటా ఇదే తంతు. ఒకటి స్విచాఫ్. ఇంకొకటి "ఈ నంబరు ఉపయోగంలో లేదు" అంటుంది. మూడోది మోగుతుంది కానీ, ఎత్తినవాళ్లు ఎక్కడో వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న సంబంధం లేని మనుషులు.

పగటిపూట అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. రాత్రి పదకొండు గంటలకు పిల్లకు జ్వరం 103 దాటి, ఆసుపత్రికి తీసుకుపోయాక డాక్టరు "ఇంటివాళ్లను పిలవండి" అన్నప్పుడు ఆ మూడు నంబర్లే మాకు దిక్కు. మూడూ పలకకపోతే ఆ రాత్రివేళ బండి కట్టించి తండాకు మనిషిని పంపాలి. ఆ గంటా రెండు గంటలు ఆ పిల్ల మంచం పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది, నంబరు అంటే ఏమిటో.

ఎందుకు పలకడం లేదని తల్లిదండ్రులను అడిగితే మూడే కారణాలు తేలాయి. రీచార్జి అయిపోయాక నెలల తరబడి వదిలేశారు. లేదా సిమ్ ఇంకెవరి పేరు మీదనో ఉంది, వాళ్లు ఆపేయించుకున్నారు. లేదంటే ఆ ఇంటి మగమనిషి దుబాయికో మస్కట్‌కో పోయాడు, ఇక్కడి సిమ్ పెట్టె అడుగున పడిపోయింది.

ఇప్పుడు నంబరు మాట్లాడుకోవడానికి మాత్రమే కాదు. ఆధార్‌కు అదే, బ్యాంకుకు అదే, స్కాలర్‌షిప్ పనికి అదే. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. మా దగ్గర ఇంటర్ చదివిన ఒక అమ్మాయి డిగ్రీలో చేరేటప్పుడు చూస్తే, ఆమె ఆధార్‌కు ఉన్న నంబరు మేనబావది. ఆయన అప్పటికే బహ్రెయిన్‌లో ఉన్నాడు. ఓటీపీ కోసం వారం రోజులు తిరిగింది. చివరికి ఊరికి వచ్చే పోస్ట్‌మాన్ ఇంటి దగ్గరే ఆధార్ నంబరు మార్చి ఇచ్చాడు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్ట్‌మాన్‌లు ఈ సేవ 2021 నుంచి చేస్తున్నారు. చాలా తండాల్లో ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఇళ్లకు పోయాక చెప్పండి.

ఏ కంపెనీ మంచిది?

పిల్లలు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మేము ఎదురు ప్రశ్న వేస్తాం: "నువ్వు ఎక్కడ నిలబడి మాట్లాడుతవ్ బిడ్డా?"

టవర్ నుంచి వచ్చే తరంగానికి గుట్ట అడ్డమొస్తే అవతలి వైపు నీడ పడుతుంది. చెట్టు నీడ లాంటిదే ఇదీ. కోరుట్ల బస్టాండులో ఏ సిమ్ అయినా పలుకుతుంది. అదే సిమ్ రుద్రంగి, మానాల గుట్టల మధ్యనో, మర్రిమడ్ల అడవి దారిలోనో, కొడిమ్యాల చెలకల్లోనో పలుకుతుందని పట్నంలోని దుకాణదారు చెప్పలేడు. టీవీలో ప్రకటన అంతకన్నా చెప్పలేదు. చెప్పగలిగేది ఆ చెలకలో పనిచేసే మనిషే.

అందుకని సిమ్ కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. వేర్వేరు కంపెనీల సిమ్‌లున్న ముగ్గురు దోస్తులను తీసుకుని మూడు చోట్లకు పొండి. ఇంటి లోపలి గది, బోరు మోటారు దగ్గర, తండా బస్సు ఆగే చోట. పొద్దున ఒకసారి, అందరూ వీడియోలు చూసే రాత్రి ఎనిమిది గంటలకు ఒకసారి, కరెంటు పోయి గంట దాటాక ఒకసారి ఫోను కలిపి చూడండి. కరెంటు పోయినప్పుడు టవర్ బ్యాటరీ మీదనో డీజిలు మీదనో నడుస్తుంది, అది ఎంతసేపు నిలబడుతుందో అప్పుడే తెలుస్తుంది. ఒక కాగితం మీద గళ్లు గీసి రాసుకుంటే చాలు, తండా మొత్తానికి పనికొచ్చే లెక్క తయారవుతుంది. ట్రాయ్ ఆదేశంతో కంపెనీలన్నీ తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు కూడా పెట్టాయి. ముందు మ్యాపు చూడండి, తరువాత మీ కాగితంతో పోల్చండి. తేడా వస్తే మీ కాగితాన్నే నమ్మండి.

సిగ్నలే లేని ఊళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ఒక పథకం మంజూరు చేసింది. దేశంలో 24,680 ఊళ్లకు బీఎస్ఎన్ఎల్ ద్వారా 4జీ ఇవ్వాలన్నది దాని లక్ష్యం. 2025 సెప్టెంబరు 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రధానమంత్రి ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. కాబట్టి రెండు మూడేళ్ల కింద "అది పలకదు" అని తీసేసిన సిమ్‌ను మీ పరీక్షలో మళ్లీ ఒకసారి పెట్టి చూడండి. మీ గూడెంలో ఏ కంపెనీ సిగ్నలూ లేకపోతే ఆ కాగితమే జతచేసి గ్రామసభలో తీర్మానం రాయించండి. "మాకు సిగ్నల్ లేదు" అనే మాటకన్నా, ఏ చోట, ఏ పూట, ఏ కంపెనీ అని రాసిన కాగితానికి బరువు ఎక్కువ.

ఇంకో మాట. ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో పాత కీప్యాడ్ ఫోను ఉంటే, అది 2జీ ఫోనేమో చూసుకోండి. జియోకు 2జీ, 3జీ లేవు. దాని సిమ్ పాత డబ్బా ఫోనులో పలకదు, 4జీ కీప్యాడ్ ఫోను కావాలి. ఈ ముక్క చెప్పకుండా సిమ్ అమ్మితే, ముసలవ్వ "నా ఫోను ఖరాబైంది" అని మూల పడేస్తుంది.

నెట్ వాడని పెద్దవాళ్లకు నెట్ ప్యాకు ఎందుకు? మాటలకు, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే ప్యాకు ప్రతి కంపెనీ పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అట్లాంటి ప్యాకు గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. దుకాణంలో అడగనిదే చూపించరు. పత్తి అమ్మిన నెలలోనో, గల్ఫ్ నుంచి పైసలు వచ్చిన నెలలోనో అవ్వ ఫోనుకు ఒకేసారి పెద్ద గడువు ప్యాకు వేయించండి. నెలనెలా మరిచిపోయే బాధ తప్పుతుంది.

ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండు వేరే కంపెనీలవి పెట్టుకోండి. ఒక టవర్ పడుకుంటే ఇంకొకటి లేస్తుంది. కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చనక్కరలేదు. పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కు మెసేజి పంపితే కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులు చెల్లుతుంది. దేశమంతా ఈ సౌకర్యం 2011 జనవరి నుంచి ఉంది. పాత సిమ్ పోయి కొత్త సిమ్ తీసుకున్నవాళ్లు మాత్రం ఏడు రోజులు ఆగాలి. దొంగలు నంబరు కొట్టేయకుండా 2024 జూలై 1 నుంచి పెట్టిన కట్టుబాటు అది.

ఎవరి పేరు మీద ఉంది?

"సిమ్ ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగితే చాలామంది ఆడపిల్లలు "అన్న పేరు మీద", "బావ పేరు మీద" అంటారు. తండాలో వదినమ్మలను అడిగితే "మీ అన్న పేరు మీదనే" అంటారు. అన్న సౌదీలో ఉంటాడు. సిమ్ పోయినా, పాడైనా కొత్తది తెచ్చుకోవడానికి ఆ పేరున్న మనిషే వేలిముద్ర వేయాలి. ఆయన సెలవు మీద వచ్చేదాకా ఆమె బ్యాంకు ఖాతా తాళం వేసిన ఇల్లే. అందుకే మేము గట్టిగా చెబుతున్నాం: 18 ఏండ్లు నిండిన ప్రతి ఆడబిడ్డకు తన పేరు మీద ఒక నంబరు ఉండాలి. ఆమె ఆధార్‌కు, ఆమె ఖాతాకు ఆ నంబరే ఉండాలి.

ఇందులోనే ఇంకో ప్రమాదం ఉంది. రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్‌లు ఊరికే ఇస్తున్నారని పోతాం. "ముద్ర సరిగ పడలేదు, ఇంకోసారి పెట్టవ్వా" అంటారు. రెండోసారి పెట్టిన ముద్రతో రెండో సిమ్ మన పేరు మీద లేస్తుంది. అది ఎక్కడికో పోయి, ఎవరినో మోసం చేస్తే పోలీసులు మన గుమ్మంలోకి వస్తారు. మంచి ఉద్యోగాలని చెప్పి కంబోడియా, మయన్మార్‌లకు తీసుకుపోయి సైబర్ మోసాలు చేయించే ముఠాల గురించి మీరు వినే ఉంటారు. 2024లో రాజన్న సిరిసిల్ల జిల్లా యువకుడే కంబోడియాలో అట్లా చిక్కుకున్నాడు. అట్లాంటి చోట్ల నడిచే మోసాలకు మన దేశపు సిమ్‌లే ఆయుధాలు. మన వేలిముద్రకు అంత విలువ ఉంది.

ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్‌ల దాకానే ఉండాలి. 2023 టెలికాం చట్టం ప్రకారం అంతకు మించితే మొదటిసారి 50,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 2 లక్షల దాకా జరిమానా. దొంగ పత్రాలతో, ఇంకొకరి పేరుతో మోసం చేసి సిమ్ తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు. మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం దాన్ని 2023 మే 16న మొదలుపెట్టింది. మీది కాని నంబరు కనిపిస్తే "ఇది నాది కాదు" అని అక్కడే చెప్పవచ్చు. ఫోను పోయినా అక్కడే ఆపించవచ్చు. దానికి ఐఎంఈఐ నంబరు కావాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే వస్తుంది. ఇప్పుడే నొక్కి, ఇంట్లో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఫోనులోనే రాసుకుంటే ఫోనుతోపాటే పోతుంది.

విమానం ఎక్కేముందు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటే గల్ఫ్ పేరు రాకుండా మాట ముగియదు. మన తండాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెతకాలి. ఈ సభలో కూడా వీసా కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లు ఉన్నారని తెలుసు. పోవద్దని చెప్పడానికి మేము రాలేదు. పోయేవాళ్లు నంబరు గురించి ఏమి చేసి పోవాలో చెప్పడానికి వచ్చాం.

మొదటిది, ఇక్కడి సిమ్‌ను చంపి పోకండి. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు అసలే వాడకపోతే కంపెనీ ఆపేయవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయలు ఉంటే, ఆ పైసలు పట్టుకుని 30 రోజుల చొప్పున నంబరు నిలబెట్టాలని ట్రాయ్ 2013లోనే నిబంధన పెట్టింది. ఆపేసిన నంబరును 90 రోజుల తరువాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. 2023 నవంబరులో ఈ సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, పాత నంబరు మీదున్న సమాచారం తీసేసుకోవడం వాడుకున్న మనిషి బాధ్యతే అని కోర్టు చెప్పింది. అంటే రెండేళ్ల అగ్రిమెంటు మీద పోయిన అన్న సిమ్ పెట్టెలో పడేస్తే, ఆయన తిరిగొచ్చేసరికి ఆ నంబరు ఇంకొకరి చేతిలో ఉండవచ్చు. ఆయన బ్యాంకు మెసేజీలు వాళ్లకు పోతుంటాయి. కాబట్టి ఇంట్లో ఒకరికి బాధ్యత అప్పగించి పొండి: "నెలకోసారి నా నంబరు చూడాలె, గడువు దాటనీయొద్దు."

రెండోది, అంతర్జాతీయ రోమింగ్ సేవను ఇక్కడ ఉండగానే చేయించుకోండి. అక్కడికి పోయాక చేయించాలంటే, ఓటీపీ రావాలి అంటారు, ఓటీపీ రావాలంటే రోమింగ్ ఉండాలి అంటారు. వచ్చే మెసేజీకి రుసుము ఉంటుందా అని కంపెనీని అడగండి, చాలా ప్లాన్లలో ఉండదు. డేటా రోమింగ్ మాత్రం ఆపేసి విమానం ఎక్కండి. దిగగానే ఫోను తనంతట తాను నెట్ లాక్కుంటే ఆ బిల్లు మొదటి నెల జీతాన్ని కొరుకుతుంది. మంచిది రెండు సిమ్‌ల ఫోను. ఇక్కడి సిమ్ ఓటీపీ కోసం, అక్కడి సిమ్ మాటల కోసం.

మూడోది, అక్కడి సిమ్ మీ గుర్తింపు కార్డు మీదనే తీసుకోండి. సౌదీలో ఇకామా మీద వేలిముద్ర వేసి ఇస్తారు, యూఏఈలో ఎమిరేట్స్ ఐడీ మీద ఇస్తారు. రూములో ఇంకెవరి పేరు మీదనో ఉన్న సిమ్ తీసుకోకండి, మీ పేరు మీద ఇంకొకరికి తీసివ్వకండి. ఫోను కిస్తీలతో వచ్చే పోస్ట్‌పెయిడ్ ఒప్పందాల జోలికి పోకుండా ప్రీపెయిడ్ తీసుకోవడమే మేలు. ఉద్యోగం మధ్యలో పోయినా బాకీ మెడకు చుట్టుకోదు. కంపెనీలు కూడా ఒక్కో దేశంలో వేరు. యూఏఈలో ఎతిసలాత్, డూ. సౌదీలో ఎస్టీసీ, మొబైలీ, జైన్. ఖతర్‌లో ఊరెడూ, వొడాఫోన్. ఏది తీసుకోవాలన్నది క్యాంపులో ఏడాదిగా ఉన్నవాళ్లను అడగండి. చెలకలో చేసిన పరీక్షే అక్కడా పనికొస్తుంది.

నాలుగోది, వాట్సాప్ కాల్. యూఏఈలో వాట్సాప్ మెసేజీ పోతుంది, కాల్ పోదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వేరే ఉన్నాయి. సౌదీలో నెట్ కాల్స్ మీద నిషేధం 2017 సెప్టెంబరులో సడలించారు, అయినా ఏ యాప్ ఎట్లా నడుస్తుందో అక్కడివాళ్లను అడిగే వాడండి. ఎవరో "వీపీఎన్ పెట్టుకో, అన్నీ నడుస్తయ్" అంటారు. యూఏఈ చట్టంలో దొంగ చిరునామా వాడి నేరం చేస్తే, నేరం దాస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాంల దాకా జరిమానా రాసి ఉంది. ఇంటికి మాట్లాడే పది నిమిషాల కోసం అంత దూరం పోవద్దు. చదువు రాని యాడికి వాట్సాప్‌లో మన భాషలో నాలుగు మాటలు రికార్డు చేసి పంపండి. ఆమె ఎన్నిసార్లయినా పెట్టుకుని వింటుంది.

ఐదోది, పైసలు పంపేవాళ్లకు. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలు ఉంటే విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు ఎన్‌పీసీఐ 2023 జనవరిలో పది దేశాల వాళ్లకు ఇచ్చింది. వాటిలో యూఏఈ, సౌదీ, ఖతర్, ఒమాన్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ మొదటి పదిలో లేవు. ఆ దేశాలకు పోయేవాళ్లకు ఇక్కడి నంబరు ఇంకా ముఖ్యం.

ఆరోది ఇంట్లో ఉండేవాళ్లకు. దేశాల కోడ్‌లు గోడ మీద రాసి పెట్టండి. యూఏఈ 971, సౌదీ 966, కువైట్ 965, ఖతర్ 974, ఒమాన్ 968, బహ్రెయిన్ 973. "మీవాడు పోలీస్ స్టేషన్‌లో ఉన్నడు, పైసలు పంపు" అని తెలియని నంబరు నుంచి వస్తే ముందు మనవాడి నంబరుకు కలపండి. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. పైసలు పోయిన వెంటనే 1930కి చెప్పండి.

రెండు వారాలు ఫోను రాకపోతే

డ్రైవరు పని అని చెప్పి తీసుకుపోయి, ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాయడానికి పెట్టిన కథలు మన జిల్లాల్లో చాలా విన్నాం. అక్కడ మైళ్ల దూరం టవర్ ఉండదు. యజమాని ఫోను గుంజుకునేది కూడా ఉంటుంది. అందుకని పోయేముందే ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి. వారానికి ఒక రోజు, ఒక సమయం పెట్టుకుని ఫోను చేయాలి. దిగిన రోజే క్యాంపు లొకేషన్ పంపాలి. పాస్‌పోర్టు, వీసా, యజమాని పేరు, ఏజెంటు వివరాలు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టాలి.

వరసగా రెండు వారాలు ఫోను రాకపోతే ఇంటివాళ్లు ఊరుకోవద్దు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి 2024 సెప్టెంబరు నుంచి ఉంది. దుబాయిలో భారతీయ సహాయ కేంద్రం నంబరు 800 46342. అక్కడ ప్రాణాపాయం ఉంటే యూఏఈ, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమాన్‌లో 9999, సౌదీలో ప్రాంతాన్ని బట్టి 911 లేదా 999. ఇవి నేర్చుకుని విమానం ఎక్కండి.

శాటిలైట్ ఫోను మాట

ఎడారిలో టవర్ లేకపోతే శాటిలైట్ ఫోను కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. దాని కథ కొంచెం తెలుసుకుందాం.

మామూలు ఫోను టవర్‌తో మాట్లాడుతుంది. శాటిలైట్ ఫోను నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఇన్‌మార్‌శాట్, తురాయా ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇరిడియం వాళ్లవి 66 ఉపగ్రహాలు, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఫోనుకు ఆకాశం కనబడాలి. ఇంటి లోపల, దట్టమైన చెట్ల కింద సరిగా పలకదు. ఫోను ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది, మాటకు పైసలు నిమిషాల లెక్కన కరుగుతాయి. ఓడల మీద, చమురు బావుల దగ్గర, వరదల్లో పనిచేసే బలగాల చేతిలో దాని విలువ దానికి ఉంది.

తురాయా యూఏఈ కంపెనీ. ఆ పేరు అరబీలో మన కృత్తికల పేరు. దుబాయిలో దుకాణంలో బాజాప్తా దొరుకుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. 2008 నవంబరు 26న ముంబై మీద దాడికి వచ్చినవాళ్లు శాటిలైట్ ఫోను వాడారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను ఉంచుకోవడం, తేవడం, వాడడం నేరం. తురాయా, ఇరిడియం రెండూ ఇందులోకి వస్తాయి. విమానాశ్రయంలో బ్యాగులో దొరికితే ఫోను పోతుంది, మనిషి మీద కేసు అవుతుంది. "నాకు తెల్వదు సార్" అంటే చెల్లదు. విదేశీ పర్యాటకులు కూడా ఇట్లా చిక్కుకున్నారు.

కాబట్టి సెలవు మీద వచ్చేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో సస్తాగా వచ్చిందని కొనుక్కోకండి. ఎవరైనా "ఇది మా తమ్మునికి ఇయ్యి" అని మూసిన డబ్బా ఇస్తే విప్పి చూడనిదే తీసుకోకండి. పొట్టి లావు యాంటెన్నా ఉన్న ఫోను అయితే ముట్టుకోకండి. దేశంలో అనుమతితో నడిచేది బీఎస్ఎన్ఎల్ ద్వారా ఇన్‌మార్‌శాట్ సేవ. అది 2017లో ప్రభుత్వ సంస్థలతో మొదలైంది, మన ఇంటి వాడకానికి పెట్టినది కాదు.

ఇప్పుడు స్టార్‌లింక్ మాట కూడా వింటున్నారు. కేంద్రం 2025 జూన్‌లో దానికి లైసెన్సు ఇచ్చింది. దాని ఉపగ్రహాలు 2025లో దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తున ఉండేవి. అది ఇంటి మీద డిష్ పెట్టి ఇంటర్నెట్ ఇచ్చేది, జేబులో ఫోను కాదు. టవర్ రాని గూడెం బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి అట్లాంటిది ఒకనాడు ఉపయోగపడవచ్చు. అయితే "మీ తండాకు బుకింగ్ చేయిస్తం, అడ్వాన్సు ఇయ్యండి" అని ఎవరైనా వస్తే కంపెనీ అధికారిక ప్రకటన చూడనిదే పైసా ఇవ్వకండి.

మరి మన అడవుల్లో, వరదల్లో ఏం చేయాలి? 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తినప్పుడు ఊరంతా ఇండ్ల మీదికి ఎక్కింది, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అట్లాంటి రాత్రికి మనకు అందుబాటులో ఉన్న ఆయుధాలు చిన్నవే. వాన మొదలైన రోజే ఫోన్లు, పవర్ బ్యాంకు నింపి పెట్టుకోవాలి. కాల్ కలవకపోతే మెసేజి పంపాలి, కాల్ పోని చోట కూడా అది పోవచ్చు. మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ ఇంకో కంపెనీ సిగ్నల్ ఉంటే 112 కలుస్తుంది. కలిసినప్పుడు ఊరు, మండలం, పక్కనున్న గుర్తు చెప్పాలి. "మా తండా" అంటే కంట్రోల్ రూములో ఉన్నవాళ్లకు అర్థం కాదు.

ఈ వారం చేయాల్సిన పని

సభలో విని చప్పట్లు కొట్టి పోతే మాకు సంతోషం లేదు. హాస్టల్ అలవాటు కదా, హోంవర్కు ఇచ్చే పంపుతాం.

ఈ ఆదివారం ఇంట్లో అందరి ఫోన్లు ముందర పెట్టుకుని ఒక నోటుబుక్కు తీయండి. ఒక్కో నంబరు ఎవరి పేరు మీద ఉంది, ఆధార్‌కు ఏ నంబరు ఉంది, బ్యాంకుకు ఏ నంబరు ఉంది, రీచార్జి గడువు ఎన్నడు, ఐఎంఈఐ ఎంత అని రాయండి. తప్పుగా ఉన్నవాటి కింద ఎర్ర గీత గీయండి. పోస్ట్‌మాన్ దగ్గరికో, బ్యాంకుకో, కంపెనీ దుకాణానికో పోయి నెల రోజుల్లో సరిచేయించండి. మీ ఇల్లు అయ్యాక పక్కింటి ముసలవ్వది చూడండి, గల్ఫ్ పోయిన అన్న ఇంట్లో ఒంటరిగా ఉన్న వదినది చూడండి. మూడు చోట్ల, మూడు పూటల సిగ్నల్ పరీక్ష చేసి ఆ కాగితాన్ని సంఘం వాళ్లకు ఇవ్వండి. పది తండాల కాగితాలు కలిస్తే దాన్ని పట్టుకుని కలెక్టరేట్‌లో మాట్లాడడానికి మన పెద్దలకు బలం వస్తుంది.

హాస్టల్‌లో మీ చెల్లెలో తమ్ముడో చదువుతుంటే, వార్డెన్ దగ్గరికి పోయి రిజిస్టరులో ఉన్న మూడు నంబర్లు అడిగి చూడండి. మారినవి మార్పించండి. పది నిమిషాల పని.

మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశాలు తిరిగారు. ఏ మజిలీలో ఎవరున్నారో తండా నాయక్‌కు తెలిసేది. ఇప్పుడు మన పిల్లలు కూడా దేశాలు తిరుగుతున్నారు. వాళ్లెక్కడున్నారో తెలిసే దారి ఈ పది అంకెలే. అవి మన పేరు మీద ఉండనీయండి, బతికి ఉండనీయండి.